నాన్న జీవితాన్ని రాసిపెట్టుకున్నాం: నా అనుభవం

నాన్న వడ్రంగి మేస్త్రి. ఆయన పోయిన కొన్నాళ్ళకి అమ్మ, మేం ముగ్గురం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఆయన గురించి ఎక్కడా ఏమీ రాసి లేదు. మనవల్లో చిన్నదానికి తాతయ్య ముఖం కూడా గుర్తుండదు. అక్కకి ఉద్యోగంతోనే సరిపోతుంది, తమ్ముడు దూరంగా ఉంటాడు. నేను రాస్తానని నేనే అడిగి తీసుకున్నాను. ఇలాంటి పని తలపెట్టినవాళ్ళకి ఉపయోగపడుతుందని, ఎలా చేశామో ఇక్కడ చెప్తున్నాను.

మొదట బంధువులకి, నాన్నతో పనిచేసినవాళ్ళకి, ఆయన చేత పని చేయించుకున్నవాళ్ళకి ఫోన్లు చేశాను. "నాన్న గురించి ఏదైనా చెప్పండి" అంటే అందరి నోటా ఒకటే మాట. చాలా మంచివాడమ్మా, కష్టజీవి, కుటుంబమంటే ప్రాణం. అన్నీ నిజమే. కానీ ఆ మాటలు ఏ మంచి మనిషికైనా సరిపోతాయి. వాటిలో మా నాన్న కనిపించరు. దాంతో అడిగే తీరు మార్చాను. "నాన్న మీకు ఏం చేసిపెట్టారు? అది ఇప్పుడు ఎక్కడుంది? ఒకసారి చూడొచ్చా?" అని అడగడం మొదలుపెట్టాను. వస్తువు ఎదురుగా ఉంటే మనిషి మాట్లాడే పద్ధతే వేరు. బీరువా దగ్గర నిలబడి తలుపు తీసి, అంచు మీద చెయ్యి పెట్టగానే ఎక్కడెక్కడి విషయాలో వస్తాయి. "ఈ అర ఇంకో జానెడు కిందికి పెట్టమన్నాను, మీ నాన్న ఒప్పుకోలేదు. వయసు మీద పడితే వంగలేవు తల్లీ, ఇక్కడే ఉండనీ అన్నారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు వచ్చాక తెలుస్తోంది" అని ఒక పెద్దావిడ చెప్పారు. మంచివాడు అనే మాట ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, అనాల్సిన అవసరం కూడా రాలేదు.

పనివాడి జీవితం రాయాలంటే ముందు ఆయన పని చూడాలి, తర్వాతే మిగతావి. ఈ పని పొడుగునా నేను పట్టుకున్న దారి అదొక్కటే.

తర్వాత పనిముట్ల పెట్టె తెరిచాను. నాన్న దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు తనే మేస్త్రి అయిన ఒకాయనని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇది చాలా ముఖ్యం. మన కళ్ళకి అవన్నీ పాత ఇనుప ముక్కలు, ఆయన చేతికిస్తే ఒక్కోటీ ఒక్కో కథ. రంపాలు, చిత్రికలు, బాడిస, మూలమట్టం, సానరాయి, వరసగా ఉలులు. ఉలుల్ని ఆయన నేల మీద పక్కపక్కనే పేర్చి, "పాపా, దీన్ని చూడు" అని అరంగుళం ఉలిని వేలితో చూపించారు. మిగతావాటిలో సగం పొడుగు కూడా లేదది. ఉలికి పదును పెట్టిన ప్రతిసారీ కాస్త ఉక్కు అరుగుతుంది. అంటే ఎక్కువ అరిగిన ఉలే ఎక్కువ పని చేసిన ఉలి. తలుపు చట్రాలకి బెజ్జాలు తొలవడానికి నాన్న వాడింది అదేనట. ఎన్ని వందల తలుపులు చేశారో ఎవరూ లెక్క రాయలేదు గానీ ఆ ఉలి చూస్తే తెలిసిపోతోంది.

పదును గురించే ఆయన చాలాసేపు చెప్పారు. ఉలి మొనని 25 డిగ్రీల వాలుకి సాన పట్టి, కొస అంచుని మాత్రం 30 డిగ్రీల దాకా నిలబెడతారు. చేత్తో పలుచగా చెక్కే ఉలికి వాలు తక్కువ, సుత్తితో కొట్టే ఉలికి ఎక్కువ. వాలు మరీ తక్కువైతే దెబ్బకి అంచు విరుగుతుంది. వెనక వైపు అద్దంలా చదునుగా లేకపోతే ముందు వైపు ఎంత పట్టినా పదును రాదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నాన్న కొన్ని నెలలపాటు ఈ పనే ఇచ్చేవారట. "విసుగొచ్చి పారిపోదామనుకున్నాను. గురువుగారు ఒకరోజు నా ఉలి తీసుకుని, ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించి, ఇవాళ్టి నుంచి చెక్క ముట్టుకో అన్నారు" అని చెప్తుంటే ఆయన గొంతు మారిపోయింది.

పెట్టె అడుగున రెండు ఉలులకి పిడులు మిగతావాటికంటే బాగా లావుగా, గుడ్డ చుట్టి ఉన్నాయి. అవి ఎందుకలా ఉన్నాయో ఆయనకీ తెలియలేదు. అమ్మ చెప్పింది. చివరి సంవత్సరాల్లో నాన్న వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. సన్నటి పిడి పట్టు దొరక్క తనే లావు పిడులు చేసి వేసుకున్నారు. నొప్పి ఉందని మాకెవరికీ చెప్పలేదు.

పెట్టెతో పాటే కొలతల పుస్తకాలు దొరికాయి, జేబులో పట్టే చిన్నవి. అంకెలు, బొమ్మలు, అక్కడక్కడ ఒక మాట. ఒక పేజీలో కిటికీ కొలతల కింద, అదే పెన్సిల్‌తో, "చిన్నదానికి జ్వరం. మధ్యాహ్నం ఇంటికి" అని ఉంది. ఇంకో చోట చెక్కల లెక్కకి, మడతబందుల లెక్కకి మధ్యలో "పెద్దదానికి కళ్ళజోడు". మమ్మల్ని ఎంత ప్రేమించారో నాన్న ఎప్పుడూ నోటితో చెప్పిన మనిషి కాదు. ఆ పుస్తకాల్లో కూడా చెప్పలేదు. పనుల జాబితాలో మమ్మల్నీ కలిపి రాసుకున్నారు. వాటిని ఒక్కో పేజీ ఫోటో తీసి, ఏ పుస్తకంలో ఎన్నో పేజీయో రాసిపెట్టాను. మీ ఇంట్లో అలాంటివి ఉంటే చిత్తు కాగితాలని పడేయకండి. ముందు ప్రతి పేజీ తిప్పి చూడండి.

పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో స్టోరీకార్ప్స్ అనే సంస్థ ఒక చిన్న గది ఏర్పాటు చేసింది. దగ్గరివాళ్ళు ఇద్దరు అందులో కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకునేవారు, అది రికార్డయ్యేది. ఒప్పుకున్నవాళ్ళ రికార్డింగులని అమెరికా జాతీయ గ్రంథాలయంలో భద్రపరుస్తారు. పేరున్నవాళ్ళవి కావు, మామూలు మనుషులవి. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఆ 40 నిమిషాల లెక్కనే అమ్మకీ పాటించాను. అంతకు మించితే అమ్మ అలిసిపోతుంది, అలిసిపోతే "అంతే ఇంకేముంది" అనేస్తుంది. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తేదీ, మాట్లాడేవాళ్ళ పేరు ముందుగా చెప్పి మొదలుపెట్టేదాన్ని. అమ్మ మధ్యలో ఆగితే నేను మాట అందించేదాన్ని కాదు. ఆ ఆగిన తర్వాతే అసలు విషయం వచ్చేది. ప్రతి రికార్డింగూ మూడు చోట్ల దాచాం. ఒకటి తమ్ముడి దగ్గర, వేరే ఇంట్లో ఉండేలా.

సంవత్సరాలు అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నాన్న సొంతంగా పని పెట్టుకున్నది ఎప్పుడని అడిగితే అమ్మ ఒకటి చెప్పింది, బాబాయి ఇంకోటి చెప్పాడు, ఇద్దరూ గట్టిగానే చెప్పారు. జ్ఞాపకం ఫోటోలాగా అచ్చంగా దాగి ఉండదనీ, గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్ళీ అల్లుకుంటుందనీ బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1930ల్లోనే చెప్పారు. అందుకని ఎవరు చెప్పింది తప్పో తేల్చాలని కూర్చోలేదు. "అక్క పుట్టకముందా, పుట్టాకా? ఈ ఇంట్లోకి వచ్చాకా, రాకముందా?" అని అడిగాను. అక్క పుట్టిన తేదీ కాగితం మీద ఉంది. ఒక పాత ఫోటోలో నాన్న కొత్త షెడ్డు ముందు నిలబడి ఉంటే అక్క అమ్మ చంకలో ఉంది. దాంతో అమ్మ మాటే నిలిచింది. బాబాయి చెప్పింది కూడా తీసేయలేదు. ఆయన గుర్తుపెట్టుకున్నది నాన్న ఉద్యోగం మానేసిన రోజు, అమ్మ చెప్పింది షెడ్డు వేసిన రోజు. మధ్యలో ఇద్దరూ మర్చిపోయిన కొన్ని నెలలున్నాయి. ఆ నెలలు ఎలా గడిచాయని అడిగితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అంతా చెప్పింది.

ఇంకో విషయం గమనించాను. అమ్మకి పెళ్ళయిన కొత్తలో జరిగినవి గంటలకు గంటలు గుర్తున్నాయి, నడివయసు మాత్రం గబగబా దాటేస్తుంది. ఇది అందరికీ ఉండేదేనట. పెద్ద వయసువాళ్ళకి 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వవేత్తలు చెప్తారు. అందుకే నాన్న నలభైలు, యాభైల గురించి అమ్మ మీద ఆధారపడకుండా అప్పట్లో వయసులో ఉన్నవాళ్ళని, అంటే ఆయన శిష్యుల్ని, మా పెద్దత్త పిల్లల్ని అడిగాను. ఆ ఖాళీ చాలావరకు నిండింది.

పాత ఫోటోలు 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, స్కాన్ చేయించాం. వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది. చిరిగిన ఫోటోకి టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు.

ఇక నాన్న పని మీదే ఒక అధ్యాయం రాయాల్సి వచ్చినప్పుడు చెక్క గురించి నేను మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆయన చేసిన తలుపుల్లో మధ్య పలకని పట్టుకుని కదిపితే కొంచెం కదులుతుంది. అది చూసి పని సరిగ్గా లేదని గొడవపడినవాళ్ళు కూడా ఉన్నారట. కావాలనే అలా వదిలేవారు. చెక్క చచ్చిన తర్వాత కూడా ఊపిరి తీసుకుంటుందని శిష్యులతో అనేవారట. గాలిలో తేమ పెరిగితే చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నార వెంబడి, అంటే పొడుగు వైపు, ఆ తేడా లెక్కలోకి రానంత తక్కువ. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి పొడుగులో తగ్గేది వందకి ఒక వంతు కూడా ఉండదు, వెడల్పులో చాలా రకాల చెక్క వందకి 5 నుంచి 10 వంతులు తగ్గుతుంది. అది కూడా అన్ని వైపులా ఒకేలా కాదు. మానుని అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి వలయాల వెంబడి తగ్గేది, మధ్య చేవ నుంచి బయటికి తగ్గేదానికి దాదాపు రెండింతలు. అందుకే కోసిన పలక ఆరుతూ ఆరుతూ వంకర తిరుగుతుంది. మధ్య పలకని జిగురుతో చట్రానికి బిగించేస్తే ఏదో ఒక కాలంలో అది పిగిలిపోవాల్సిందే. నాన్న చట్రానికి గాడి తీసి, జిగురు పెట్టకుండా పలకని అందులో వదిలేసేవారు. చట్రం మూలల్లో మాత్రం ఒక చెక్కకి బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసని సరిగ్గా ఆ కొలతకి చెక్కి దిగ్గొట్టేవారు. మేకు లేకుండా నిలబడుతుందా అని మేనల్లుడు అడిగాడు. జపాన్‌లో 7వ శతాబ్దం నాటి హోర్యూజీ ఆలయం బొమ్మ చూపించాను. ఇప్పటికీ నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పాతవాటిలో అదొకటి. ఇలా ఒకదాన్నొకటి పట్టుకునే అతుకులతోనే దాని స్తంభాలు, దూలాలు నిలబడ్డాయని చెప్పాను. వాడు వెంటనే వెళ్ళి మా ఇంటి తలుపు మూలలు తడిమి చూసొచ్చాడు.

అయితే ఈ పట్టుదల వల్ల ఇల్లు ఇబ్బంది పడింది కూడా. అంగుళం మందం పలక గాలికి ఆరాలంటే ఏడాది పడుతుందని పాత వడ్రంగుల లెక్క. పచ్చి చెక్కతో పని చేయనని నాన్న మొండికేసేవారు. తొందరున్నవాళ్ళు వేరేవాళ్ళ దగ్గరికి పోయేవారు. "ఫీజులు కట్టాల్సిన నెలలో కూడా చెక్క ఆరలేదనే అనేవారు. నేను ఎంత ఏడ్చానో" అని అమ్మ చెప్పింది. ఇది రాయాలా వద్దా అని అక్కకీ నాకూ మధ్య పెద్ద చర్చ. రాయాలని నేను పట్టుబట్టాను. భర్త నిజాయితీకి భార్య ఎంత చెల్లించిందో రాయకపోతే ఆ నిజాయితీ బరువు పిల్లలకి ఎలా తెలుస్తుంది? అమ్మ కూడా రాయమనే చెప్పింది. "చివరికి ఫీజు ఒక్కసారి కూడా ఆగలేదు, అది కూడా రాయి" అంది. రాత్రిపూట వేరే వర్క్‌షాప్‌లో రంపం మెషిన్ మీద పని చేసి కట్టారట.

ఆ మెషిన్ గురించి నేను మరిచిపోలేను. ఆ రంపాల చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. రోజుకి 8 గంటలకి 85 డెసిబెల్స్ దాటితే చెవులకి ప్రమాదమని డాక్టర్లు చెప్తారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. ముందు పోయేది సన్నటి శబ్దాలు, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. స, త, ట లాంటి అక్షరాలు, పిల్లల గొంతులు ముందు జారిపోతాయి, లావు గొంతులు వినపడుతూనే ఉంటాయి. చివరి పదేళ్ళలో నాన్న మాట తగ్గించేశారు. వయసు అని అందరూ అన్నారు. చెవి పరీక్ష కాగితం ఆయన ఫైల్లో దొరికితే ఒక డాక్టర్‌కి చూపించాం. ఆ కాగితం మీది గీత ఎక్కడ కిందికి పడిందో ఆవిడ చూపించి చెప్పాక ఎన్నో విషయాలు అర్థమయ్యాయి. మనవరాలు ఏదో అడిగితే నాన్న నవ్వి, సమాధానం చెప్పకుండా ఒక చెక్కముక్క తీసుకుని బొమ్మ చెక్కడం మొదలుపెట్టేవారు. పాప మాట ఆయనకి అందేది కాదు. అదే చేత్తో పలకని తట్టి, ఆ చప్పుడు విని, లోపల పగులుందో లేదో చివరిదాకా చెప్పగలిగారు. ఆ చప్పుడు లావుది, అది చెవికి అందేది. ఈ భాగం రాయడానికి నాకు చాలా టైం పట్టింది. మధ్యలో పక్కన పెట్టేసి, కొలతల పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. దుఃఖం ఎక్కువైన రోజున లెక్కలు, కొలతలు, పేర్లు సరిచూసే పనే మేలు. ఆయన గొంతు ఉన్న వీడియోలు మాత్రం చాలా ఆలస్యంగా చూశాను.

మా చదువుల కుర్చీ గురించి కూడా చెప్పాలి. పిల్లలు పెద్దవాళ్ళ బల్ల దగ్గర కూర్చుంటే కాళ్ళు వేలాడతాయి, తొడల కింద నొక్కుకుని కాసేపటికే కదలడం మొదలుపెడతారు. నాన్న ఎత్తు కుర్చీ ఒకటి చేసి, దాని కాళ్ళకి మెట్లు మెట్లుగా గాళ్ళు తీసి, పాదాలు పెట్టుకునే పలకని కావలసిన ఎత్తులో దోపేలా పెట్టారు. ఇలాంటి ఆలోచనతోనే 1972లో నార్వే డిజైనర్ పీటర్ ఆప్స్‌విక్ చేసిన కుర్చీ ప్రపంచమంతా అమ్ముడైంది. నాన్న చేసింది ఒక్కటే, మాకోసం. దాన్ని తిరగేసి చూస్తే లోపలి వైపు, ప్రతి గాడి పక్కనా పెన్సిల్‌తో మా పేర్ల మొదటి అక్షరాలు, నెల, సంవత్సరం. ఎవరికి ఎప్పుడు పలక ఒక మెట్టు దించారో. అక్కవి, నావి, తమ్ముడివి ఒకే గాడి దగ్గర మూడు తేదీలు. మేం ఎదుగుతుంటే ఆయన లెక్క పెట్టుకుంటూనే ఉన్నారు.

రాసింది మొత్తం అమ్మకి చదివి వినిపించాను. అమ్మని మించిన ఎడిటర్ దొరకరు. "ఎవరి మీదా కోప్పడని మనిషి" అని ఒక శిష్యుడు చెప్పిన మాట ఉంటే ఆపేసింది. "కోప్పడేవారు. రంపం పళ్ళు నేలకి తగిలేలా పెడితే ఊరుకునేవారా? నిద్రమత్తులో ఉన్నవాడిని మెషిన్ దగ్గరికి రానిచ్చేవారా? తిట్టి ఇంటికి పంపేసేవారు. వేళ్ళు పోతే ఎవరిస్తారని" అంది. ఆ తిట్లు తిన్నవాళ్ళ వేళ్ళన్నీ ఈరోజుకీ ఉన్నాయి. శిష్యుడు చెప్పింది, అమ్మ చెప్పింది రెండూ ఉంచాం.

పనిముట్లు ఏం చేయాలన్నది చివరగా తేల్చుకున్నాం. అన్నీ అద్దాల పెట్టెలో పెట్టి దాచుకుందామని తమ్ముడి కోరిక. ఉక్కు వాడకపోతే తుప్పు పడుతుంది, ఎంత నూనె రాసినా చూసుకునే చెయ్యి కావాలి. ఫోటోలు తీసి, ఏది దేనికి వాడేవారో రాసుకుని, పనిచేసేవన్నీ శిష్యులకి ఇచ్చాం. అరిగిన ఆ అరంగుళం ఉలి, లావు పిడులున్న రెండూ ఇంట్లో ఉంచుకున్నాం. మూలమట్టం తమ్ముడు అడిగి తీసుకున్నాడు.

పుస్తకం అచ్చయి అందరి ఇళ్ళకీ చేరింది. అది చదివినవాళ్ళ ఫోన్లు ఇప్పుడు వస్తున్నాయి. నాన్న తమ బిడ్డకి ఊయల చేసిచ్చారనీ, దాని అంచు ఎక్కడో వేలికి తగులుతోందంటే అడక్కుండానే వచ్చి మార్చి ఇచ్చారనీ ఒకావిడ చెప్పారు. ఆ ఊయలలో ఇప్పుడు ఆ బిడ్డ బిడ్డ పడుకుంటోందట. ఫోటో పంపమన్నాను, అడుగు వైపు తిప్పి కూడా తీయమన్నాను. నాన్న దగ్గర అందరికంటే ముందు పని నేర్చుకున్నాయన మాత్రం ఇంకా దొరకలేదు. ఆయన వివరాలు తెలిస్తే షెడ్డుకి ముందు గడిచిన ఆ కొన్ని నెలల గురించి ఇంకొన్ని పేజీలు రాయాలి. రెండోసారి అచ్చు వేసేటప్పుడు ఇవన్నీ కలుపుతాను.